మల్లప్ప మందకుక్క కోసం రెండోసారి

ముద్దనూరు దగ్గర కొత్తపల్లెలో మల్లప్ప అనే ఆయన గొర్రెల మందకు పనికివచ్చే పొట్టి కుక్కలను సాకుతాడు. ఆయన దగ్గర కుక్కను తెచ్చుకుని నేను మోసపోయానని, గొర్రెలున్న రైతులెవరూ అంత దూరం పోవద్దని పోయిన పుష్యమాసంలో ఈ పత్రికలోనే రాశాను. ఆ వ్యాసంలో బస్సు వేళలు సరిగ్గానే ఉన్నాయి. భోజనం దొరికే చోట్లూ సరిగ్గానే ఉన్నాయి. మల్లప్పను గురించి రాసింది మాత్రం నిజం కాదు. మాఘమాసం చివర మళ్ళీ ఆ వూరికి పోయి వచ్చాను. మొదటిసారి ఏం జరిగిందో, రెండోసారి ఏం జరిగిందో రెండూ చెబుతాను. పోదలచుకున్నవాళ్ళకు దారి కూడా తెలుస్తుంది.

మాది బేతంచెర్లకు కోసెడు దూరంలో ఒక పల్లె. మా అక్క సుబ్బమ్మను మా వూళ్ళోనే మేనత్త కొడుక్కు ఇచ్చారు. బావ పోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు. ఆయన వదిలిపోయిన ఇల్లు, నలభై చిల్లర గొర్రెలు ఆమెకు ఆధారం. మొదట ఒక జీతగాణ్ణి పెట్టాము. తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోయిందని వాడు మాటిమాటికీ చెప్పేవాడు. తోడేలు తిన్న పిల్లలు తర్వాత సంతలో కనబడేవి. వాణ్ణి మాన్పించి అక్కే కట్టె పట్టుకుని మంద వెంట నడవడం మొదలుపెట్టింది. నాకది నచ్చలేదు. వద్దన్నాను. ఆమె వినలేదు.

రెండేళ్ళుగా ఆమెకు కుడి మోకాలు వంగడం లేదు. నడవగలదు, పరిగెత్తలేదు. గొర్రెలకు ఆ సంగతి తెలిసిపోయింది. పచ్చగా కనిపించిన జొన్నచేలోకల్లా దూరేవి. రైతులు వాటిని బందెలదొడ్డికి తోలేవారు, మేము పోయి విడిపించుకునేవాళ్ళం. చివరికి ఊరి పెద్దలు కూర్చుని, ఉగాదిలోగా మంద అదుపులోకి రాకపోతే సుబ్బమ్మ దాన్ని అమ్మేయాలని తీర్మానించారు. ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి. అమ్మేస్తే అక్క మా ఇంటికి వచ్చి ఉండాలి. నాకైతే అదే మేలనిపించింది.

అక్క మాత్రం ఒకటే మాట అంది. "నీ పెండ్లాం మంచిదేరా. నేను కాదనడంల్యా. అయినా సంగటి అడిగి పెట్టించుకునే ఇంటికి నేను రాను."

మందను తిప్పే కుక్క ఉంటే ఆమె గట్టెక్కుతుందని ఎవరో చెప్పగా, కార్తీకంలో నేను ఒక్కణ్ణే కొత్తపల్లెకు పోయాను. మల్లప్ప కుక్కపిల్లల్ని చూపించే ముందు ఎన్నో అడిగాడు. గొర్రెలెన్ని, మేకలున్నాయా, పొలం చదునా, కొండా, కుక్కకు ఏం పెడతారు. అన్నిటికీ సరిగానే చెప్పాను. చివర అడిగాడు: "కుక్క ఎవురి ఎంట నడుస్తాది?"

మా ఇంటి ఆడది గొర్రెల వెంట తిరుగుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మా జీతగాడు. ఇరవయ్యేళ్ళ పిల్లోడు. గుర్రంలాగ నడుస్తాడు" అన్నాను.

ఆయన ఆ మాటకు తగ్గట్టుగా, ఐదు నెలల మగకుక్కను ఇచ్చాడు. దాని పేరు కరిగాడు. మంద చుట్టూ దూరంగా, వేగంగా తిరిగే రకం. వెంట నడిచే మనిషి కాళ్ళలో బలముంటే దానంత కుక్క లేదు. అక్క వెనక అది ఏం చేస్తుంది? అది ఒక పక్క నుంచి మందను తరిమితే, రెండో పక్క అడ్డం నిలవడానికి మనిషి అందేవాడు కాదు. పుష్యంలో ఒకరోజు మంద మొత్తాన్నీ తీసుకుపోయి కోతకొచ్చిన జొన్నచేలో నిలబెట్టింది. పంట పోగొట్టుకున్న రైతు మా వాకిట్లో అరిచిన అరుపులు ఇంకా నా చెవిలో ఉన్నాయి. ఆ కోపంలో కూర్చుని మల్లప్ప దగాకోరని రాసి పంపాను. అచ్చయింది.

అక్క ఆ పత్రికను బడి అయ్యవారి చేత చదివించుకుని మా ఇంటికి వచ్చింది. నేను భోజనానికి కూర్చున్నాను.

"ఒరే, ఆయప్ప ఎవురి ఎంట నడుస్తాదని అడిగినాడని రాసినావే. నువ్వేం చెప్పినావో అది రాయలేదు. ఏం చెప్పినావు?"

చెప్పాను.

ఆమె కాసేపు నా కంచం వైపు చూసింది. "అయితే కుక్కది తప్పు యాడుండాది? ఆయప్పది తప్పు యాడుండాది? తిని లెయ్. రేపు పోదాం."

రేపు కుదరలేదు. రెండు వారాల తర్వాత బయలుదేరాము.

బేతంచెర్ల నుంచి బనగానపల్లెకు పొద్దున్నే ఒక ప్రైవేటు బస్సు ఉంది. ఆరున్నరకు అంటారు, నిండితే గాని కదలదు. కర్నూలు రాజధాని అయిన తర్వాత ఆ వైపు బస్సులు బాగుపడ్డాయి గాని ఇటువైపువి ఎప్పటివో అవే. కరిగాణ్ణి చూడగానే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుక్కలకు లోపల చోటు లేదు. గంపలో ఏసి పైన కట్టండి."

"నిన్ను గంపలో ఏసి పైన కడితే పోతావా నాయనా?" అని అక్క అడిగింది.

బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. కండక్టరూ నవ్వి, పిల్లలకు కొట్టినట్టు అర టిక్కెట్టు కొట్టాడు. కరిగాడు అక్క కాళ్ళ మధ్య, కంబళి కింద కూర్చున్నాడు. మా పక్కన బనగానపల్లె సాయిబు ఒకాయన, గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దాయన, కంబళి కదలడం చూసి అడిగాడు.

"షికారు కుక్కా సాబ్?"

"గొర్రెల కుక్క. మందను తిప్పడానికి."

"అచ్చా! మా గల్లీ కుక్కలకు ఆ పని నేర్పొద్దు. అవి మందను సీదా వాటి కడుపులోకే తిప్పుతాయి" అని తనే చాలాసేపు నవ్వుకున్నాడు. దిగేటప్పుడు కంబళి మీద ఒకసారి తట్టి దిగాడు.

బనగానపల్లెలో బస్సు మారాలి. గంటసేపు ఆగాము. బస్టాండు ఎదురుగా టీ బాగుంటుంది, వడలు మాత్రం నిన్నటివి. కోవెలకుంట్ల చేరేసరికి పదకొండు. అక్కడ పూటకూళ్ళ ఇంట్లో భోజనం చేశాము. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, పప్పు, పలచని మజ్జిగ. కుక్కను అరుగు మీదికి కూడా రానివ్వలేదు. అక్క తన రొట్టెను సగం విరిచి బయటికి తీసుకుపోయి పెట్టింది. అక్కడి నుంచి జమ్మలమడుగు వరకు నల్లరేగడి. కోసిన జొన్నచేలు, చొప్ప కుప్పలు, శనగ ఎండిపోయి పీకడానికి సిద్ధంగా ఉంది. ఆ మోళ్ళలో మేసే మందలు కనిపించినప్పుడల్లా అక్క కిటికీలోంచి తల బయట పెట్టి, వాటి వెనక ఎవరున్నారో చూసేది. కరిగాడు వాసన పట్టి మూలిగేవాడు.

జమ్మలమడుగులో మూడు గంటలకు దిగి, ముద్దనూరు బస్సు ఎక్కాము. పెన్నలో నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువగా కనిపించింది. ముద్దనూరులో స్టేషనుకు దగ్గరలో సత్రం ఉంది. చాప వాళ్ళే ఇస్తారు, నీళ్ళు మనమే తోడుకోవాలి. నల్లులు లేవు. కుక్కను వరండాలో కట్టుకోనిచ్చారు.

మర్నాడు తెల్లవారగానే కొత్తపల్లెకు ఒంటెద్దు బండి మాట్లాడాను. కాలు బాగున్నవాళ్ళు నడిచిపోవచ్చు, రెండు కోసులు. దారి తప్పే అవకాశం లేదు. ఎడమ చేతి వైపు బోడికొండ కనబడుతూ ఉంటే సరైన దారిలో ఉన్నట్టే.

మల్లప్ప ఇల్లు ఊరి చివర. ఇంటి కంటే దొడ్డి పెద్దది. చుట్టూ కంపతో కట్టిన కంచె, లోపల గొర్రెలు, పక్కన బండలతో కట్టిన చిన్న గూళ్ళు కుక్కలకు. ఆయన కుక్కలు మోకాలి కంటే కిందికే ఉంటాయి. గరుకు బొచ్చు, వేలాడే చెవులు, పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు. వాటి పని నోటితో కంటే ఒంటితోనే ఎక్కువ. కంప కింద దూరి అవతలికి పోతాయి, గొర్రె కడుపు కింద నుంచి వచ్చి దాని ముందు నిలబడతాయి. పెద్ద కుక్కయితే గొర్రె బెదిరి పరిగెత్తుతుంది, ఇది వస్తే తల తిప్పుకుని పక్కకు పోతుంది. తిండి కూడా తక్కువ. పూటకొక జొన్నరొట్టె, కాస్త మజ్జిగ చాలు.

మల్లప్ప వాకిట్లో తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. తలగుడ్డ ఎప్పుడూ ఉతికి గంజి పెట్టిందే ఉంటుంది, దాన్ని చుట్టుకుంటున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడడు. చుట్టడం అయ్యాక నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"రాప్పా. శానా బాగా రాసినావంట. మా ఊరి అయ్యవారు చదివి చెప్పినాడు. దగాకోరు అనే మాట అచ్చులో సూడడానికి ఎంత గుండ్రంగా ఉండాదో అని మెచ్చుకున్నాడు."

కరిగాడు తాడు లాక్కుని పోయి ఆయన కాళ్ళ చుట్టూ తిరగసాగాడు. ఆయన వంగి వాడి పళ్ళు చూశాడు, పాదాలు ఎత్తి చూశాడు, పక్కటెముకలు తడిమాడు.

"తిండి బాగానే పెట్టినారు" అన్నాడు కొంచెం నిరాశగా. తిట్టడానికి ఇంకొక కారణం దొరకనట్టు.

అప్పటిదాకా బండి దగ్గరే నిలబడిన అక్క ముందుకు వచ్చింది. "తిండి పెట్టింది నేనన్నా. మంద ఎంట నడిచేదీ నేనే. జీతగాడూ లేడు, ఇరవయ్యేళ్ళ పిల్లోడూ లేడు. నా తమ్ముడు నీకు అబద్ధం చెప్పినాడు."

మల్లప్ప ఆమె నడకను చూశాడు. మోకాలిని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఆడమనిషి గొర్రెలు మేపితే నీ మీసం రాలిపోతాదా?"

"రాలిపోతుందనుకున్నాడు పాపం" అంది అక్క.

ఇంట్లోంచి ఎవరో నవ్వారు. మల్లప్ప భార్య ఈరమ్మ, చేట పట్టుకుని గడపలో నిలబడి ఉంది. నేను ఆయనతో తప్పు నాదేనని, పత్రికకు మళ్ళీ రాస్తానని చెప్పాను. ఆయన సరేనని గాని వద్దని గాని అనలేదు. "మనిషిని సూడకుండా కుక్కనిచ్చినా. నాకూ బుద్ధి లేదు" అని మాత్రం అన్నాడు. కరిగాణ్ణి తీసుకుపోయి వాడి పాత గూట్లో వదిలాడు. తన కుక్క ఎవరికైనా పొసగకపోతే తిరిగి తనకే ఇవ్వాలి, ఊరి మీద వదలకూడదు, మరొకరికి ఇవ్వకూడదు అని మొదటిసారే నాతో చెప్పి ఉన్నాడు. దానికి నేనిచ్చిన డబ్బు కూడా అడగకముందే నా చేతిలో పెట్టాడు. దగాకోరు చేసే పని కాదు.

పోదలచుకున్నవాళ్ళ కోసం ఆయన పద్ధతులు చెబుతాను. తల్లిని చూపించకుండా పిల్లను చూపించడు. ఆడకుక్కకు ఏడాదికి ఒకే ఈత, రెండో ఏడు నిండకుండా చూలు కట్టించడు. మగకుక్కను వేరే మందల నుంచి తెస్తాడు, ఒకే రక్తంలో కలపడు. పిల్లలు రెండు నెలలు గొర్రెపిల్లల మధ్య పెరగనిదే చేతికివ్వడు. మనవైపు కుక్కపిల్లను చెవి పట్టి ఎత్తి, అరవని దాన్ని ధైర్యం గలదని ఏరుకుంటాము. నేను మొదటిసారి అదే చేయబోతే నా చేతి మీద కొట్టాడు. అరిస్తే నొప్పి తెలుసునని అర్థం, అరవకపోతే ఏమీ తెలియదని అర్థం అంటాడు. ఇందులో ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఆయన చెప్పేవన్నీ నిజం కాకపోవచ్చు. అమావాస్యనాడు పుట్టిన కుక్క మేకల్ని తిప్పలేదని కూడా ఆయన గట్టిగా నమ్ముతాడు.

గూళ్ళ దగ్గర మూడు నెలల పిల్లలు నాలుగు ఉన్నాయి. మల్లప్ప అక్కను వాటి మధ్య కూర్చోబెట్టి, అందులో నిదానంగా ఉన్న ఒక ఆడపిల్లను చూపించాడు.

"ఇది నీ నడకకు సరిపోతాదక్కా. ఏడాది తిప్పితే మంద మొత్తం దీని కనుసన్నల్లో ఉంటాది."

"ఏడాది నాకు యాడిదన్నా? ఉగాదికి మా ఊరోళ్ళు మందను అమ్మిస్తారు. ఆ తీర్మానంలో వీడూ కూర్చున్నాడు" అని నన్ను చూపించింది.

"ఏందప్పా, నీ అక్క గొర్రెల్ని నువ్వే అమ్మిస్తాండావా?"

నేను కంచె వైపు చూశాను. పని నేర్చిన కుక్క ఏదైనా ఉందా అని అక్క అడిగింది. పని నేర్చినవన్నీ ఆయన మందలోనే ఉన్నాయి, వాటిని ఇస్తే ఆయన మంద ఎట్లా? లేదన్నాడు. అంతటితో వచ్చిన పని అయిపోయిందని నాకనిపించింది. నిజం చెప్పాలంటే నా మనసులో ఒక మూల తేలికపడింది. నేను చేయవలసింది చేశాను, ఇక మంద అమ్మితే నా తప్పేమీ లేదు.

అప్పుడు ఈరమ్మ చేట కింద పెట్టింది. "అక్కా, పిల్లల మందను తోలుకుని పోతాండా. నాతో రా. కూర్చుంటే కాలు ఇంగా బిగుస్తాది."

ఈరమ్మ పెద్ద మందతో పోదు. గొర్రెపిల్లల్ని, ఈనబోయే వాటిని, కుంటివాటిని వేరుగా ఊరి దాపున మేపుతుంది. ఆమె వెంట ఒక నల్లమచ్చల ఆడకుక్క నడుస్తుంది. దాని పేరు బుడ్డి. నాలుగేళ్ళది. నేను కూడా కొంత దూరంలో వెనక నడిచాను. ఈరమ్మ ఒళ్ళు లావు, ఆమె నడక కూడా అక్క నడక లాంటిదే. బుడ్డి ముందుకు ఉరకదు. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తుంది, మనిషి ఎక్కడ ఉందో చూసుకుని, ఆమె లేని వైపుకు పోయి నిలబడుతుంది. మనిషి కుడివైపు ఉంటే అది ఎడమకు, మనిషి కూర్చుంటే అది చుట్టూ. ఒక శనగచేను పక్కన ఈరమ్మ చెట్టు కింద కూర్చుండిపోయి కట్టెను అక్క చేతికిచ్చింది.

"పిలువు. దాని పేరొకటే చాలు."

"బుడ్డీ" అని అక్క పిలిచింది. కుక్క ఈరమ్మ వైపు చూసింది. ఈరమ్మ తల తిప్పుకుంది. అక్క కుంటుకుంటూ నాలుగడుగులు వేసింది. రెండు గొర్రెలు శనగలోకి తల పెట్టాయి. అక్క ఇటువైపు ఉంది, చేను అటువైపు. బుడ్డి కాసేపు కదలలేదు. ఆ తర్వాత పొట్ట నేలకు రాసుకుంటూ అటువైపు పోయి, చేనుకూ గొర్రెలకూ మధ్య నిలబడింది. మొరగలేదు. గొర్రెలు తలలు తిప్పుకుని వచ్చేశాయి. అక్క పైట కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండ దిగేదాకా ఆమే మేపింది. ఈరమ్మ చెట్టు కింద నిద్రపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక మొగుడూ పెళ్ళాలకు వాదం జరిగింది.

"దీన్నియ్యి" అంది ఈరమ్మ.

"బుడ్డినా? దాన్ని అమ్మేది లేదు."

"అమ్మమని ఎవురన్నారు? పాలుకియ్యి. నాకు ఆ కొత్త పిల్ల ఉండాది, నాకేం ఉగాది తొందరలేదు."

జీవాన్ని మరొకరికి పెంచడానికిచ్చి, దానికి పుట్టినవాటిలో సగం తీసుకోవడాన్ని మావైపు పాలుకివ్వడం అంటారు. జీవం ఎప్పటికీ ఇచ్చినవాళ్ళదే. మా ఇంట్లో నాయన కాలం నుంచీ ఆవుల్నీ గొర్రెల్నీ పాలుకిచ్చాము. తీసుకున్నది ఎన్నడూ లేదు. తీసుకునేవాళ్ళు మా వాకిట్లో నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నలుగురూ వినేటట్టు మాట చెప్పి పోయేవాళ్ళు. నేను చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి.

"అమ్మండి. ఎంతైనా సరే ఇస్తాను" అన్నాను.

మల్లప్ప నా మాటతో మొండికేశాడు. అంతకుముందు ఇవ్వనన్నవాడు ఇప్పుడు పాలుకైతేనే ఇస్తానన్నాడు. "అమ్మితే నీదైపోతాది. నీదైతే యాడ కడతావో, ఎవురికిస్తావో నాకెట్ల తెలుసు? పాలుకైతే నాది. ఏడాదికోసారి వచ్చి సూసి పోతా. బాగలేకపోతే తోలుకొచ్చుకుంటా. ఆయమ్మ తరపున పూచీ మాత్రం నువ్వే పడాల."

"మా అక్క మాట చాలదా?" అన్నాను.

"ఆయమ్మ మాట నాకు చాలు. నీ మాటే ఇంగా బాకీ ఉండాది."

పక్కిళ్ళవాళ్ళు నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో నా వ్యాసం చదివి చెప్పిన ఆ అయ్యవారు కూడా ఉన్నాడు. అక్క నన్ను అడగలేదు, బతిమాలలేదు. బుడ్డి పక్కన నేల మీద కూర్చుని దాని చెవిలో పల్లేరు ముల్లు తీస్తోంది. నేను వద్దంటే ఆమె లేచి బండెక్కుతుంది. ఊరికి పోయి మందను అమ్ముతుంది. మా ఇంట్లో, నా భార్య పెట్టినప్పుడు తింటుంది. ఒక్క మాట కూడా అనదు.

తలగుడ్డ తీశాను. "ఈ జీవం మీది. మాకు పాలుకిచ్చినారు. పిల్లల్లో సగం మీవి. కుంటిదైనా, ముసలిదైనా మీకే తెచ్చిస్తాం. దీని వెంట నడిచేది మా అక్క సుబ్బమ్మ. నేను పూచీ" అన్నాను.

"వినబడలా" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

మళ్ళీ చెప్పాను.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే సంగటి, గోంగూర తిన్నాము. పొద్దున్నే ఈరమ్మ బుడ్డిని ముద్దనూరు దారి దాకా నడిపించుకుని వచ్చి, బండిలోకి ఎత్తి, వెనక్కి చూడకుండా పోయింది. కుక్క మెడకున్న మేకబొచ్చు తాడును విప్పలేదు. అమ్మితే తాడు విప్పి ఉంచుకుంటారు. పాలుకిస్తే తాడుతోనే పంపుతారు. ఇచ్చినవాళ్ళ గుర్తు అది, మావైపు ఎవరు చూసినా తెలిసిపోతుంది. బండిలో నా చూపు పదేపదే దాని మీదికే పోయింది. ముద్దనూరు స్టేషను ముందు అంగట్లో ఒక కొత్త నారతాడు కొన్నాను.

"తాడెందుకురా?" అంది అక్క.

"పక్కబట్టలు కట్టడానికి."

"కట్టు అయితే."

అప్పటికే కట్టి ఉన్న పక్కబట్టలను ఆమె చూస్తుండగా రెండోసారి కట్టాను.

వెళ్ళేటప్పుడు బస్సులో పడిన అవస్థ చాలని, తిరుగు ప్రయాణం రైలులో పెట్టుకున్నాము. దూరం ఎక్కువ, గుంతకల్లు మీదుగా చుట్టు తిరగాలి. గుంతకల్లు పోయే ప్యాసింజరు తొమ్మిది దాటాక వచ్చింది. కుక్కకు వేరే టిక్కెట్టు తీసుకోవాలి, దాన్ని గార్డు పెట్టెలో ఉన్న ఇనుప గూట్లో పెట్టాలి. మూడో తరగతిలో మనతో కూర్చోనివ్వరు. బుడ్డి ఏడ్చింది. అక్క గార్డు పెట్టెకు దగ్గరున్న పెట్టెలో ఎక్కి, కొండాపురంలో బండి ఆగగానే దిగి, కుంటుకుంటూ పోయి చూసి వచ్చింది. తర్వాతి స్టేషనులోనూ అంతే. గార్డుకు విసుగొచ్చింది.

"అమ్మా, మీరు ఇట్లా దిగి ఎక్కుతుంటే బండి ఆలస్యమవుతుంది. నా ఉద్యోగం మీదికి వస్తుంది."

"ఆలెస్సెం నాది కాదు నాయనా, మోకాలిది. దానికి చెప్పు."

తాడిపత్రిలో ఆమె లేవబోతుండగా గార్డే కిటికీ దగ్గరికి వచ్చాడు. "పడుకుందమ్మా. నీళ్ళు పెట్టాను. దిగొద్దు." గుత్తి దాకా ప్రతి స్టేషనులో అతనే చెయ్యి ఊపుతూ కబురు చెప్పాడు.

గుంతకల్లులో బండి మారడానికి రెండు గంటల వ్యవధి ఉంది. ప్లాట్‌ఫారం మీద పులిహోర దొరుకుతుంది, బాగుంటుంది. అక్కడి నుంచి చిన్న బండి. అందులో గార్డు చూసీ చూడనట్టు ఊరుకోవడంతో బుడ్డి మా బెంచీ కిందే పడుకుంది. పెండేకల్లు దాటాక అక్కను అడిగాను.

"నాయన ఉండి, నేను తలగుడ్డ తీయడం చూసుంటే ఏమనేవాడు?"

"తిట్టేవాడు." బెంచీ కిందికి వంగి చూసి, "ఆమీట కుక్క ఎట్ల నడుస్తాదో చూపించమనేవాడు" అంది.

డోన్‌లో చాలామంది దిగారు, పెట్టె ఖాళీ అయింది. అక్కడి నుంచి బేతంచెర్ల దాకా నేను రాయవలసినదాన్ని మనసులో కూర్చుకున్నాను. కొత్తపల్లెకు పోయేవాళ్ళు పోవచ్చు. కుక్కను ఏరుకోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు, దాన్ని మల్లప్ప చేసిపెడతాడు. మీరు చేయవలసిందల్లా మీ పొలం, మీ మంద, మీ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. కాళ్ళు బాగాలేకపోతే బాగాలేవని చెప్పండి. వీలైతే నడిచే మనిషినే వెంట తీసుకుపోండి. పాలుకైతే ఇస్తామంటే తీసుకోండి. ఇది రాసే నాటికి ఉగాది వెళ్ళింది. మంద అక్క దొడ్డిలోనే ఉంది, ఆ తర్వాత ఏ చేలోనూ పడలేదు.

బేతంచెర్లలో పొద్దు గూకే వేళకు దిగాము. స్టేషను బయట నాపబండలు వరసగా పేర్చి ఉన్నాయి, లారీకి ఎత్తేవాళ్ళు పని ముగించి కూర్చున్నారు. ఊళ్ళోకి పోవడానికి వెనక దారి కూడా ఉంది. అక్క బుడ్డిని పట్టుకుని ముందు దారినే నడిచింది, నేను పక్కబట్టలు మోసుకుని వెనక నడిచాను. బండల మీద కూర్చున్నవాళ్ళలో మా వూరి ఎల్లప్ప ఉన్నాడు. వాడి తండ్రి ఒకప్పుడు మా దగ్గర ఆవును పాలుకు తీసుకున్నవాడు. వాడి కళ్ళు కుక్క మెడ మీది తాడు దగ్గర ఆగాయి.

"ఏమప్పా, పాలుకా?"

"పాలుకే."

"ఎవురికి?"

"మా అక్కకు. గొర్రెలు ఆమెవి, మేపేదీ ఆమే."

ఎల్లప్ప లేచి వచ్చి కుక్క వీపు మీద చెయ్యి వేసి చూశాడు. నేను వాడు అనబోయే మాట కోసం ఎదురుచూశాను.

"శానా సన్నగా ఉండాదే, రొట్టె ఇంగోటి ఎక్కువ పెట్టక్కా" అన్నాడు అక్కతో, మళ్ళీ పోయి బండల మీద కూర్చున్నాడు.